పాటా – పూటా

జాజ్ సంగీతం గురించి తెలుగులో రాస్తానంటే మొట్టమొదట ఎదురయ్యే ప్రశ్న "మనకెందుకండీ ఆ గోల?" అన్నది. ముప్ఫయ్యారేళ్ళు పిల్లలకు ఛందస్సు చెప్పినవాణ్ణి కనుక నా సమాధానం ఛందస్సు వైపు నుంచే వస్తుంది. గణాలు, యతి, ప్రాస నేర్పి, "ఇక ఈ కట్టుబాటులో ఉండే నీకు తోచింది చెప్పు" అనడమే కదా పద్యరచన నేర్పడమంటే! జాజ్ వాద్యకారుడు చేసేదీ అదే. ఒక పాట వరసనూ దాని స్వరక్రమాన్నీ చట్రంగా పెట్టుకొని, ఆ చట్రం లోపల అప్పటికప్పుడు కొత్త కల్పన చేస్తాడు. మన విద్వాంసులు మనోధర్మమనే మాటకు అది మరీ దూరపు చుట్టం కాదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌గారు జాన్ మెక్‌లాఫ్లిన్ అనే జాజ్ గిటారు విద్వాంసుడితో కలిసి 'రిమెంబర్ శక్తి' బృందంలో ఏళ్ళ తరబడి వాయించగలిగారంటే, ఈ బంధుత్వమే దానికి ఆధారం.

అయితే ఈ టపా లక్షణచర్చ కోసం రాస్తున్నది కాదు. నన్ను చాలాకాలంగా వేధిస్తున్న విషయం వేరే ఉంది. కళాకారుడు కళను గురించే మాట్లాడాలి, అద్దె గురించీ, బండి గురించీ, మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడితే కళ మైలపడుతుంది అన్న అభిప్రాయం మనలో బలంగా ఉంది. అలాగే రసికుడన్నవాడు కళ్ళు మూసుకొని తల పంకించాలే తప్ప, "భోజనం చేశారా? తిరిగి ఎలా వెళ్తారు?" అని అడిగితే అదేదో తక్కువ పని అన్నట్టు చూస్తాం. ఇది తప్పు అని నా అభిప్రాయం. జాజ్ చరిత్రను చదివితే కచేరీ కబురూ కాపురం కబురూ పడుగూ పేకా లాగా అల్లుకొని కనిపిస్తాయి. ఒక దాన్ని లాగేస్తే రెండోది విడిపోతుంది.

ముందు శ్రోతల మాటలతో మొదలుపెడతాను.

న్యూయార్కులో సెవెంత్ అవెన్యూ సౌత్ అనే వీధిలో విలేజ్ వాన్‌గార్డ్ అనే నేలమాళిగ ఉంది. మాక్స్ గోర్డన్ అనే ఆయన 1935లో దాన్ని అక్కడికి తెచ్చాడు. మొదట్లో అది జాజ్ చోటు కాదు. కవులు వచ్చి తమ కవితలు చదివే చోటు. పూర్తిగా జాజ్‌కు మళ్ళింది 1957 ప్రాంతాల్లో. నూరు మంది పైచిలుకు కూర్చుంటే నిండిపోయే ఆ గదిలో 1961 జూన్ 25న, ఒక ఆదివారం నాడు, బిల్ ఇవాన్స్ పియానో, స్కాట్ లఫారో డబుల్ బేస్, పాల్ మోషన్ డ్రమ్స్ వాయించారు. మధ్యాహ్నం రెండు విడతలు, సాయంత్రం నుంచి మూడు విడతలు. మొత్తం ఐదింటినీ ధ్వనిముద్రణ చేశారు. పదకొండు రోజుల తర్వాత, జూలై 6న, లఫారో కారు ప్రమాదంలో పోయాడు. అప్పటికి ఆయన వయస్సు 25. ఆ దెబ్బకు ఇవాన్స్ నెలల తరబడి వాయించడమే మానుకున్నాడు.

ఆనాటి ముద్రణలు 'సండే ఎట్ ది విలేజ్ వాన్‌గార్డ్', 'వాల్ట్‌జ్ ఫర్ డెబీ' అనే పేర్లతో వెలువడ్డాయి. ఇంతగా మన్ననకెక్కిన ప్రత్యక్ష ముద్రణలు జాజ్‌లో కొద్దిగానే ఉన్నాయి. వాటిని చెవులకు యంత్రం తగిలించుకొని వింటే, పియానో వెనుక మరొక లోకం వినిపిస్తుంది. గాజు గ్లాసులు ఒకదానికొకటి తగులుతుంటాయి. ఎవరో నవ్వుతారు. ఎవరో ఎవరితోనో ఏదో చెప్పుకుంటూనే ఉంటారు. చప్పట్లు కూడా ధారాళంగా పడవు. వాళ్ళు చరిత్రలో కూర్చున్నామని వాళ్ళకు తెలియదు. ఆదివారం పూట కాస్త కాలక్షేపానికి వచ్చిన మామూలు మనుషులు.

ఈ చప్పుళ్ళు ముద్రణకు పట్టిన దోషమని శుద్ధశ్రవణవాదులు అంటారు. నాకు మాత్రం అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం గుర్తుకొస్తుంది. అవధాని సమస్యాపూరణలో తలమునకలై ఉండగా "అవధానిగారూ, మీ ఊళ్ళో వంకాయలు ఎలా ఉన్నాయి?" అని అడిగే పృచ్ఛకుణ్ణి మన పెద్దలు సభలోంచి వెళ్ళగొట్టలేదు. పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టారు. లోకపు సందడి నడుమ ధారణ చెడకుండా నిలబడటమే విద్యకు పరీక్ష అని వాళ్ళకు తెలుసు.

అంతమాత్రాన కచేరీలో కబుర్లను నేను సమర్థిస్తున్నానని అనుకోవద్దు. రెండో పక్షమూ బలమైనదే. చార్లెస్ మింగస్ అనే మహా బేస్ వాద్యకారుడు 1960లో శ్రోతలే లేని స్టూడియోలో ముద్రణ చేస్తూ, ఎదుట క్లబ్బు నిండా జనం ఉన్నట్టు భావించుకొని, చప్పట్లు కొట్టవద్దనీ, గ్లాసుల్లో ఐసుముక్కలు గలగలలాడించవద్దనీ, డబ్బు లెక్కపెట్టే యంత్రాన్ని మోగించవద్దనీ ముందే చెప్పి మొదలుపెట్టాడు. అందులో హాస్యం ఉంది, ఎన్నేళ్ళుగానో పేరుకున్న ఉక్రోషమూ ఉంది. భరతముని కూడా నాట్యశాస్త్రం ఇరవయ్యేడో అధ్యాయంలో ఈ రెండు రకాల శ్రోతలనూ లెక్కలోకి తీసుకున్నాడు. చిరునవ్వు, "సాధు", "అహో" వంటి పలుకులు ప్రదర్శన సిద్ధించిందనడానికి గుర్తులన్నాడు. అతిగా అరవడం మొదలుకొని పేడ, మట్టిబెడ్డలు, చీమలు విసరడం దాకా శత్రువులు కలిగించే విఘ్నాలనూ వరసగా చెప్పాడు. శ్రోత ఏం చేస్తున్నాడన్నది ప్రదర్శనలో భాగమే అని ఆయన నిర్ణయం. కాదనడానికి మనమెవరం?

ఇక వేదిక అవతలి పక్కకు వెళ్దాం. వాద్యకారులు తమలో తాము మాట్లాడుకొనే మాటలు ఎలాంటివి? పుస్తకాల్లో చూస్తే సగం రాగతాళాల మాటలు, సగం పొట్టకూటి మాటలు.

1940 నుంచి 1967 దాకా న్యూయార్కు నగరంలో మద్యం అమ్మే క్లబ్బుల్లో వాయించాలంటే పోలీసులిచ్చే కార్డు ఉండాలి. దాన్ని క్యాబరే కార్డు అనేవారు. వేలిముద్రలు ఇచ్చి తీసుకోవాలి. మత్తుమందుల కేసేదైనా మీద పడితే కార్డు పోతుంది. కార్డు పోతే చేతిలో విద్య ఉన్నా కూడు లేనట్టే. థెలోనియస్ మంక్ అనే పియానో మేధావికి 1951లో అదే జరిగింది. ఆరేళ్ళ పాటు తాను పెరిగిన నగరంలో తాను క్లబ్బులో వాయించడానికి వీల్లేకపోయింది. ఆ రోజుల్లో ఇల్లు గడవడంలో ఆయన భార్య నెల్లీ కష్టం చాలా ఉంది. బిల్లీ హాలిడే 1947లో జైలుకు వెళ్ళింది. 1948 మార్చిలో తిరిగి వచ్చాక కార్నెగీ హాలులో పాడితే హాలు కిక్కిరిసింది. పెద్ద హాళ్ళకు కార్డు అక్కర్లేదు. కానీ రోజువారీ బత్తెం ఇచ్చేవి క్లబ్బులు. అవి మూసుకుపోయాయి. సన్మానానికి అడ్డు లేదు, సంపాదనకు అడ్డు ఉంది!

ఇంకో వింత చూడండి. క్యాబరే లైసెన్సు లేని చిన్న చోట్ల ముగ్గురికి మించి వాయించకూడదన్న నిబంధన 1988 దాకా ఉంది. 1986 దాకా ఆ ముగ్గురూ డ్రమ్ములు గానీ ఊదే వాద్యాలు గానీ పట్టుకోవడానికి లేదు. కోర్టులు కొట్టేస్తే తప్ప అవి పోలేదు. ఆటవెలదిలో మూడు పాదాలే రాయాలి, అదీ ద్విత్వాక్షరాలు లేకుండా అని మునిసిపాలిటీ వాళ్ళు కవికి నోటీసు ఇస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇలాంటి సంగతుల మీద వాద్యకారులు విరామవేళల్లో గంటలు గంటలు మాట్లాడుకున్నారంటే, అవి కళకు సంబంధించని మాటలని ఎలా అనగలం?

1957లో మంక్‌కు కార్డు తిరిగి వచ్చింది. ఆ వేసవి నుంచి ఫైవ్ స్పాట్ అనే చిన్న చోట జాన్ కోల్ట్రేన్ సాక్సఫోన్‌తో కలిసి నెలల తరబడి వాయించాడు. ఆ ఏడు నవంబరు 29న కార్నెగీ హాలులో వాళ్ళిద్దరూ వాయించిన కచేరీ టేపు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో 2005లో బయటపడితే జాజ్ ప్రపంచం పండుగ చేసుకుంది. కానీ ఫైవ్ స్పాట్‌లో ఆ నెలల్లో రాత్రి రాత్రికీ మారిపోయిన కల్పనలో ఎక్కువ భాగం ఎవరికి దక్కింది? ఆ రాత్రి అక్కడికి వెళ్ళి, పానీయానికి డబ్బిచ్చి కూర్చున్నవాళ్ళకు మాత్రమే.

తిండి మాట కూడా చెప్పుకోవాలి. హార్లెమ్‌లో హెన్రీ మింటన్ అనే సాక్సఫోన్ వాద్యకారుడు 1938లో మింటన్స్ ప్లేహౌస్ తెరిచాడు. 1940 నుంచి టెడ్డీ హిల్ దాని వ్యవహారం చూశాడు. సోమవారం రాత్రులు దగ్గర్లోని అపోలో థియేటరు కళాకారులకు అక్కడ ఉచితంగా భోజనం పెట్టేవారు. తిన్నవాళ్ళు వేదిక ఎక్కి తోచినట్టు వాయించేవారు. కూలి లేకుండా వాయించకూడదని వాద్యకారుల సంఘం నియమం. పట్టుబడితే జరిమానా. కానీ మింటన్ ఆ సంఘంలో పలుకుబడి ఉన్న ప్రతినిధి కావడంతో అక్కడ చూసీ చూడనట్టు పోయేవారు. తర్వాత బీబాప్ అని పేరుపడిన శైలి రూపుదిద్దుకున్న చోట్లలో అది ముఖ్యమైనది. ఆ శైలి పుట్టుకలో రాగవిద్యతో బాటు ఒక పూట భోజనానికీ, ఒక సంఘప్రతినిధి మాట సాయానికీ వాటా ఉంది.

ఆ సంఘం ఊరికే చాదస్తంగా ఉండేదని కాదు. రికార్డులూ రేడియో వచ్చి ప్రత్యక్ష వాద్యకారుల పొట్ట కొడుతున్నాయన్న భయంతో 1942 ఆగస్టు 1 నుంచి అమెరికా వాద్యకారులు రికార్డింగు సమ్మె చేశారు. కొన్ని కంపెనీలు 1943లో దిగివచ్చాయి. మిగిలిన పెద్ద కంపెనీలు 1944 నవంబరులో దిగివచ్చాయి. అమ్మిన రికార్డుల మీద కొంత సొమ్ము నిధిగా కట్టించి, దానితో ప్రజలకు ఉచిత ప్రత్యక్ష కచేరీలు పెట్టించారు. అంతర్జాలంలో అన్నీ ఊరికే వినడానికి అలవాటుపడిన మనకు ఆ పోరాటం పాతదిగా అనిపించకూడదు.

మరొక చిన్న సంగతి నాకు మరీ ఇష్టం. సోనీ రోలిన్స్ అప్పటికే పెద్ద పేరున్న సాక్సఫోన్ విద్వాంసుడు. తన విద్య చాలదనిపించి 1959లో కచేరీలు మానేశాడు. సాధన చేయాలంటే అపార్టుమెంటులో ఇరుగుపొరుగులు ఉన్నారు. పక్కనున్న ఆవిడ గర్భవతి. ఆమె నిద్ర చెడగొట్టడం ఇష్టం లేక వాద్యం తీసుకొని విలియమ్స్‌బర్గ్ వంతెన మీదికి వెళ్ళి, ఎండా చలీ లెక్కచేయకుండా గంటల తరబడి వాయించుకొనేవాడు. 1961లో మళ్ళీ వేదిక ఎక్కాడు. మరుసటేడు వెలువడిన ఆయన రికార్డు పేరు 'ది బ్రిడ్జ్'. పొరుగింటి పట్ల మర్యాద నుంచి ఒక గొప్ప సాధన పుట్టింది.

నేను ప్రత్యక్షంగా జాజ్ విన్నది ఒకే ఒక్కసారి, 2018లో. మా అమ్మాయి వాళ్ళ దగ్గరికి న్యూజెర్సీ వెళ్ళినప్పుడు మా అల్లుడు న్యూయార్కులో ఒక చిన్న క్లబ్బుకు తీసుకెళ్ళాడు. విరామంలో సాక్సఫోన్ ఆయన మా పక్క బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అక్కడ కూర్చున్న ముసలాయన పాత శ్రోత లాగా ఉంది. "పోయిన వారం నెమ్మదైన పాట బాగా వాయించావు, ఇవ్వాళ తొందరపడ్డావు" అన్నాడు. "బండి పెట్టడానికి చోటు దొరక్క మూడు చుట్లు తిరిగాను. ఆ తొందర ఇంకా తగ్గలేదు" అని ఆయన నవ్వాడు. ఇంతలో బేస్ వాయించే యువకుడు వచ్చి, మర్నాడు పొద్దున్నే బడిలో పిల్లలకు పాఠం ఉందనీ, రెండో విడత కాగానే వెళ్ళిపోవాలనీ చెప్పాడు. ముసలాయన ఆయన వాళ్ళమ్మగారి ఆరోగ్యం అడిగాడు. వాళ్ళ ఉచ్చారణ నాకు అందనిచోట మా అల్లుడు చెబుతుంటే, "మామయ్యగారూ, ఇవన్నీ ఇంటి మాటలండీ, మీకెందుకు?" అన్నాడు. నాకు మాత్రం అవే కావాలనిపించింది. రాత్రి వాయించి, తెల్లారి పాఠం చెప్పే పంతులు నాకు పరాయివాడు కాదు. పైగా రెండో విడతలో ఆ నెమ్మదైన పాటే మళ్ళీ ఎత్తుకున్నారు. ఈసారి తొందర లేదు. ముసలాయన మాట చెవిన వేసుకున్నారని నాకు అర్థమైంది. విమర్శకూ వాద్యానికీ మధ్య పది నిమిషాల దూరం మాత్రమే ఉండటం ఎంత భాగ్యమో, నెలకొకసారి వచ్చే పత్రికలో సమీక్షలు చదివి పెరిగిన మన తరానికి తెలుస్తుంది.

వృద్ధాప్యమూ రోగమూ వచ్చినప్పుడు ఈ మాటల విలువ మరీ తెలుస్తుంది. రోజుకూలి లాగా బతికిన వాద్యకారులకు ఆరోగ్య బీమా ఎక్కడిది? ట్రంపెట్ విద్వాంసుడు డిజీ గిలెస్పీ 1993 జనవరిలో న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్ ఆసుపత్రిలో పోయాడు. తనలా వైద్యం చేయించుకోలేని తోటి వాద్యకారులను చూడమని ఆయన కోరిన కోరికను ఆ ఆసుపత్రి మన్నించి, అలాంటివాళ్ళకు ఉచితంగా వైద్యం చేసే ఏర్పాటు చేసింది. 1989లో ఏర్పడిన జాజ్ ఫౌండేషన్ ఆఫ్ అమెరికా అనే సంస్థ దానితో కలిసి పనిచేసింది. అద్దె కట్టలేనివాళ్ళకు అద్దె కట్టడం కూడా ఆ సంస్థ చేసే పనుల్లో ఒకటి.

ఇక 2020. ఆ మార్చిలో క్లబ్బులన్నీ మూతపడ్డాయి. మార్చి 31న వాలెస్ రూనీ, ఏప్రిల్ 1న ఎల్లిస్ మార్సాలిస్, ఏప్రిల్ 15న లీ కోనిట్జ్ ఆ జబ్బుతోనే పోయారు. జాజ్ స్టాండర్డ్ అనే పేరున్న క్లబ్బు ఆ డిసెంబరులో ఇక తెరవమని ప్రకటించింది. విలేజ్ వాన్‌గార్డ్‌లో ఖాళీ కుర్చీల ముందు వాయిస్తే అంతర్జాలం ద్వారా లోకం ఇళ్ళల్లో కూర్చొని చూసింది. గ్లాసుల గలగల లేదు. గుసగుసలు లేవు. శుద్ధశ్రవణవాదులు ఎన్నేళ్ళుగానో కోరుకున్న నిశ్శబ్దం వచ్చింది. కానీ పాట పూర్తికాగానే, చప్పట్లు పడవలసిన చోట ఏమీ లేక, వాద్యకారులు ఒకరి మొహం ఒకరు చూసుకోవలసిన పరిస్థితి. ఆ గది మళ్ళీ జనంతో తెరుచుకున్నది 2021 సెప్టెంబరులో. ఇవాన్స్ రికార్డులో వినిపించే ఆ గలగలను దోషమనేవాళ్ళకు ఇంతకంటే గట్టి జవాబు నా దగ్గర లేదు.

ఇదంతా పరాయిదేశపు కథగా చదివి ఊరుకుంటే ప్రయోజనం లేదు. కనకాభిషేకం పొందిన శ్రీనాథుడు చివరి రోజుల్లో గుత్త సొమ్ము కట్టలేక అవస్థపడ్డాడని మన చాటువులే చెబుతున్నాయి. సన్మానం వేరు, సంపాదన వేరు అన్న సంగతి మనకు ఆరువందల ఏళ్ళ కిందటే తెలుసు. తెలిసినా మారలేదు. ఇవ్వాళ్టికీ హరికథకుణ్ణో అవధానినో పిలిచి, శాలువా కప్పి, జ్ఞాపిక చేతికిచ్చి, రాత్రి పదకొండింటికి బస్టాండులో దింపి వచ్చే సభలు నేను చూస్తూనే ఉన్నాను. దారిఖర్చుల మాట ఎత్తడానికి ఆయనకు మొహమాటం. అడగడానికి మనకు నామోషీ. ఆయన ఇంటికి చేరి ఆ శాలువాను మరో పది శాలువాల మీద పెడతాడు. వాటితో పచారీ కొట్టు బాకీ తీరదు.

కనుక నేను కోరేది చాలా చిన్నది. కచేరీకి వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళండి. టిక్కెట్టు కొని వెళ్ళండి. ఉచిత ప్రవేశమైతే హుండీ ఎక్కడుందో చూడండి. మాట్లాడాలనిపిస్తే పాట అయ్యాక మాట్లాడండి, కానీ తప్పకుండా మాట్లాడండి. ఏది బాగుందో, ఏది తొందరైందో వాళ్ళ మొహం మీదే చెప్పండి. ఆ తర్వాత, భోజనం అయిందా అనీ, ఎలా వెళ్తారనీ అడగండి. సభ నిర్వహించేవాళ్ళయితే శాలువా కంటే ముందు కవరు ఇవ్వండి. అందులో ఎంత ఉంటుందో పిలిచేటప్పుడే చెప్పండి. ఇందులో కళకు జరిగే అపచారమేమీ లేదు.

మీ ఊళ్ళో ఇలాంటి విషయాల్లో మర్యాద తెలిసిన సభలు ఉంటే వ్యాఖ్యల్లో రాయండి. పేరు పేరునా చెప్పుకోదగ్గవాళ్ళు వాళ్ళే.